డెంటిస్ట్ అంటే భయమా? నాలుగేళ్ళు వాయిదా వేసి నేను నేర్చుకున్నది ఇదీ

ఈరోజు టాపిక్‌లోకి వెళ్ళే ముందు ఒక చిన్న పని చేయండి. మీ నాలుకని ఒకసారి పళ్ళన్నిటి మీదా తిప్పండి. వెనకాల ఎక్కడైనా ఆగిందా? చిన్న గుంతో, విరిగిన అంచో, అన్నం మెతుకు ఇరుక్కునే సందో తగిలిందా? తగిలితే, అది అక్కడ ఉందని మీకు ముందే తెలుసు కదా. ఎన్నాళ్ళ నుంచి తెలుసు?

నాకైతే నాలుగేళ్ళు తెలుసు. కుడివైపు కింద దవడ పన్ను. నాలుగేళ్ళు ఎడమవైపే నమిలాను. ఐస్‌క్రీమ్ ఎడమవైపు, చల్లనీళ్ళు ఎడమవైపు. అది కూడా ఒక స్కిల్ అనుకుని బతికేశాను. డెంటిస్ట్ దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. టైమ్ లేదని అందరికీ చెప్పేవాడిని. అసలు కారణం భయం.

ఈ ఎపిసోడ్‌లో మీకు ధైర్యం చెప్పను. "ఏం కాదు, వెళ్ళు" అనే మాట నాకు చాలామంది చెప్పారు, ఒక్కసారి కూడా పని చేయలేదు. ఈ భయం ఎలా పని చేస్తుందో, పన్ను లోపల ఏం జరుగుతుందో, కుర్చీలో కూర్చున్నాక ఒక్కో స్టెప్‌లో ఏం ఉంటుందో చెప్తాను. ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తున్నా: మనం దేనికి భయపడుతున్నామో, ఆ నొప్పిలో ఎక్కువ భాగం మన వాయిదా తయారు చేసిందే.

నా కథ

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఊళ్ళో ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళారు. పన్ను పీకాలన్నారు. ఇంజెక్షన్ ఇచ్చారు, అది పని చేసేదాకా ఆగలేదు. మా నాన్న నా చేతులు గట్టిగా పట్టుకున్నాడు. అందరూ "ఏం కాదు, ఏం కాదు" అంటూనే ఉన్నారు. అయ్యింది, బాగానే అయ్యింది! ఆ రోజు నొప్పి ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తులేదు. నేను ఆపమంటే ఎవరూ ఆపలేదనే సంగతి మాత్రం బాగా గుర్తుంది.

తర్వాత బీటెక్, హైదరాబాద్, ఉద్యోగం. పన్ను పుచ్చడం మొదలైంది. యాప్‌లో మూడుసార్లు అపాయింట్‌మెంట్ బుక్ చేశాను, మూడుసార్లూ క్యాన్సిల్ చేశాను. నాలుగో ఏడు ఒక రిలీజ్ ముందు రాత్రి, రెండింటికి మెలకువ వచ్చింది. పన్ను గుండెకాయ లాగా కొట్టుకుంటోంది. పడుకుంటే ఇంకా ఎక్కువ, లేచి కూర్చుంటే కాస్త తక్కువ. లవంగం పెట్టాను, నొప్పి టాబ్లెట్ వేసుకున్నాను. పొద్దునకి బుగ్గ బూరెలా పొంగింది. స్టాండప్ కాల్‌లో కెమెరా ఆఫ్. "ఏంటి బ్రో, మాట ముద్దముద్దగా వస్తోంది" అన్నారు. ఆ రోజు వెళ్ళాను, వెళ్ళక తప్పలేదు. దాన్ని ధైర్యం అనరు, దారి మూసుకుపోవడం అంటారు.

భయం ఎందుకు పెరుగుతూనే ఉంటుంది?

అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసిన క్షణం గుర్తు తెచ్చుకోండి. ఎంత హాయిగా ఉంటుంది! "అమ్మయ్య" అనిపిస్తుంది. అసలు సమస్య ఆ హాయిలోనే ఉంది. మన బుర్ర దాన్ని ఒక బహుమతిగా లెక్కేసుకుంటుంది. తప్పించుకుంటే హాయి, కాబట్టి మళ్ళీ తప్పించుకో. వెళ్ళి చూస్తే అనుకున్నంత ఏమీ లేదని తెలిసే అవకాశమే బుర్రకి రాదు. ఈలోపు పన్ను పాడవుతుంది. పాడయ్యాక వెళ్తే పెద్ద ట్రీట్‌మెంట్, ఎక్కువ నొప్పి, ఎక్కువ ఖర్చు. అప్పుడు "చూశావా, నేను భయపడింది కరెక్టే" అనిపిస్తుంది. లూప్‌కి ఎగ్జిట్ కండిషనే లేదు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, మైనర్ బగ్‌ని బ్యాక్‌లాగ్‌లో పడేశాం, అది ప్రొడక్షన్‌లో పేలింది.

మీ భయం ఎంత? కొలవచ్చు

1995లో జెరీ హంఫ్రిస్ అనే సైకాలజిస్ట్, ఆయన సహచరులు ఐదు ప్రశ్నల స్కేల్ ఒకటి తయారు చేశారు. 1969లో నార్మన్ కోరా చేసిన నాలుగు ప్రశ్నల స్కేల్‌కి అది మార్పు చేసిన రూపం. సందర్భాలు ఇవీ: రేపు డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళాలి అన్నప్పుడు, వెయిటింగ్ హాల్లో కూర్చున్నప్పుడు, పన్ను డ్రిల్ చేయబోతున్నప్పుడు, పళ్ళు క్లీన్ చేయబోతున్నప్పుడు, చిగురుకి ఇంజెక్షన్ ఇవ్వబోతున్నప్పుడు. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేసుకోవాలి. 1 అంటే భయమే లేదు, 5 అంటే విపరీతమైన భయం. మొత్తం 5 నుంచి 25 మధ్య వస్తుంది. 19 లేదా అంతకంటే ఎక్కువ వస్తే భయం బాగా ఎక్కువ ఉన్నట్టు లెక్క.

వీడియో ఇక్కడ ఆపి వేసుకోండి. నాకు 21 వచ్చింది. మీ ఐదింటిలో ఎక్కడ 5 పడిందో చూడండి. అందరికీ ఒకే భయం ఉండదు. ఒకరికి సూది, ఒకరికి డ్రిల్ శబ్దం, ఒకరికి నోట్లో నీళ్ళు నిండి ఊపిరాడదేమోనని. కొంతమందికైతే "ఇన్నాళ్ళూ ఏం చేశావ్" అని డాక్టర్ తిడతారేమోనని సిగ్గు. మీది ఏదో తెలిస్తే అడగాల్సిన సాయం కూడా తెలుస్తుంది.

పన్ను లోపల ఏం జరుగుతుంది?

పన్నుకి మూడు పొరలు అనుకోండి. పైన ఎనామెల్. ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం అదే, కానీ దానిలో నరాలు లేవు. కింద డెంటిన్, దానిలో సన్నటి గొట్టాల్లాంటివి ఉంటాయి. అన్నిటికంటే లోపల పల్ప్. నరం, రక్తనాళాలు ఉండేది అక్కడ.

పుచ్చు ఎనామెల్‌లో ఉన్నంతకాలం నొప్పి తెలియదు. డెంటిన్‌కి చేరితే చల్లనివి, తియ్యనివి తగిలినప్పుడు జివ్వుమంటుంది. ఈ స్టేజ్‌లో చాలావరకు ఫిల్లింగ్‌తో సరిపోతుంది, సాధారణంగా ఒక్క సిట్టింగ్. పల్ప్‌కి చేరితే నా రాత్రి లాంటి రాత్రి వస్తుంది. పల్ప్ వాచినా, చుట్టూ గట్టి గోడలే కాబట్టి లోపల ఒత్తిడి పెరుగుతుంది. పడుకుంటే తల వైపు రక్తం ఒత్తిడి పెరిగి ఇంకా కొట్టుకుంటుంది. ఇక్కడికి వచ్చాక రూట్ కెనాలో, పన్ను పీకడమో.

ఒక్కోసారి ఆ నొప్పి ఉన్నట్టుండి ఆగిపోతుంది. "హమ్మయ్య, తగ్గింది" అనుకుంటాం. తగ్గలేదు, లోపల నరం చచ్చిపోయి ఉండొచ్చు. ఇన్ఫెక్షన్ మాత్రం వేరు కిందకి పాకుతూనే ఉంటుంది. నాకు రెండో ఏడు ఇలాగే "తగ్గింది".

వాయిదా వేస్తే మత్తు ఇంజెక్షన్ కూడా సరిగ్గా పని చేయదు

ఈ ఎపిసోడ్‌లో ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి.

పంటికి ఇచ్చే మత్తు మందు సాధారణంగా లిగ్నోకైన్. స్వీడన్‌లో నిల్స్ లాఫ్‌గ్రెన్ 1943లో దీన్ని తయారు చేశాడు, 1948లో మార్కెట్‌లోకి వచ్చింది. నరంలో నొప్పి సిగ్నల్ వెళ్ళాలంటే సోడియం లోపలికి రావడానికి చిన్న గేట్లు తెరుచుకోవాలి. లిగ్నోకైన్ ఆ గేట్లని మూసి ఉంచుతుంది. సిగ్నల్ బుర్ర దాకా వెళ్ళదు. కాల్ కనెక్ట్ అవ్వనట్టే.

అయితే ఆ మందు నరం గోడ దాటి లోపలికి వెళ్ళాలి. ఇన్ఫెక్షన్ వచ్చి వాచిన చోట ఆమ్లత్వం పెరుగుతుంది. ఆమ్లత్వం పెరిగితే గోడ దాటగలిగే రూపంలో మందు తక్కువ మిగులుతుంది. అందుకే వాచిన పన్నుకి మత్తు సరిగ్గా ఎక్కదు. "నాకు ఇంజెక్షన్ పని చేయలేదు" అనే కథలు మనం చాలా వింటాం. వాటిలో చాలావాటి వెనక ఆలస్యంగా వెళ్ళిన పన్ను ఉంటుంది.

నాకూ అదే జరిగింది. మొదటి రోజు ఒక ఇంజెక్షన్ చాలలేదు, ఇంకోటి ఇవ్వాల్సి వచ్చింది. కొంచెం నొప్పి తెలిసింది కూడా, అబద్ధం చెప్పను. పన్ను తెరిచి చీము పోయేలా చేశారు, మందులు రాశారు. వాపు తగ్గాక రెండో సిట్టింగ్‌కి వెళ్తే, అదే పన్ను, అదే ఇంజెక్షన్, నొప్పి సున్నా. తేడా వాపే.

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. ఆపరేషన్లలో నొప్పి తెలియకుండా మత్తు ఇవ్వడాన్ని ప్రపంచానికి చూపించింది డెంటిస్టులే. 1844 డిసెంబర్‌లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే డెంటిస్ట్ లాఫింగ్ గ్యాస్ ప్రదర్శనకి వెళ్ళాడు. గ్యాస్ పీల్చిన ఒకతను కాలికి దెబ్బ తగిలినా నొప్పే తెలియలేదన్నాడు. మర్నాడే వెల్స్ ఆ గ్యాస్ పీల్చి తన సొంత పన్నే పీకించుకున్నాడు. 1846 అక్టోబర్ 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ అనే ఇంకో డెంటిస్ట్ ఈథర్ ఇచ్చి, డాక్టర్ల ముందు రోగికి ఆపరేషన్ చేయించి చూపించాడు. మనం ఎవరిని చూసి పారిపోతున్నామో, నొప్పి మీద యుద్ధం చేసింది వాళ్ళ వృత్తి వాళ్ళే.

కుర్చీలో ఏం జరుగుతుంది?

ముందు నోరు చూస్తారు, చిన్న అద్దంతో. తర్వాత పన్నుకి ఎక్స్‌రే, చిన్న సెన్సర్ నోట్లో పెట్టి తీస్తారు. స్క్రీన్ మీద మీకే చూపించమని అడగండి. చూస్తే సగం ఊహలు పోతాయి.

ఇంజెక్షన్ ముందు చిగురు మీద మొద్దుబారే జెల్ గానీ స్ప్రే గానీ వాడే వీలుంది. అడగండి. సూది దగ్గర చిన్న చురుకు, తర్వాత కాస్త ఒత్తిడి. ఒక నిమిషంలో గుండె దడదడలాడితే కంగారుపడకండి. ఆ మందులో చాలాసార్లు అడ్రినలిన్ కొంచెం కలిపి ఉంటుంది, మత్తు ఎక్కువసేపు నిలవడానికి. దాని దడ కాసేపట్లో తగ్గిపోతుంది. ఇది తెలియక "నాకు ఏదో అయిపోతోంది" అనుకునేవాళ్ళు చాలామంది. దడగా ఉందని డాక్టర్‌కి చెప్పండి, చాలు.

తర్వాత ఆగాలి. కింద దవడకైతే మత్తు ఎక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. పెదవి లావెక్కినట్టు, తిమ్మిరిగా అనిపించాలి. అనిపించకపోతే "ఇంకా ఎక్కలేదు" అని చెప్పడం మీ హక్కు. నా చిన్నప్పుడు దాటేసిన స్టెప్ ఇదే.

మత్తు నొప్పిని ఆపుతుంది గానీ ఒత్తిడిని పూర్తిగా ఆపదు. నొక్కుతున్నట్టు, కదుపుతున్నట్టు తెలుస్తుంది. అది తెలియగానే "అయ్యో, మత్తు ఎక్కలేదు" అని బిగుసుకుపోతాం. పోటుగా, సూదిలా ఉంటే నొప్పి. నెట్టినట్టు ఉంటే ఒత్తిడి. ఈ తేడా ముందే తెలుసుకుని వెళ్ళండి.

ఇక ఆ గుయ్‌మనే శబ్దం. అది గాలితో తిరిగే డ్రిల్, నిమిషానికి 3 లక్షల సార్లకి పైగా తిరుగుతుంది. అంత స్పీడ్ కాబట్టే అంత సన్నటి శబ్దం. మన ఎముక గుండా కూడా వినిపిస్తుంది కాబట్టి బయటివాళ్ళ కంటే మనకి ఇంకా పెద్దగా అనిపిస్తుంది. పన్ను వేడెక్కకుండా నీళ్ళు చిమ్ముతుంది, ఆ నీళ్ళని పక్కన పైపు లాగేస్తుంది. ముక్కుతో ఊపిరి తీసుకుంటే ఇబ్బంది ఉండదు.

మరి ఏం చేయాలి?

ఒకటి, నొప్పి లేనప్పుడే మొదటిసారి వెళ్ళండి. చెకప్ కోసం, అంతే. "ఈరోజు చూడటమే, ఏమీ చేయొద్దు" అని ముందే చెప్పండి. కుర్చీలో కూర్చుని, ఏమీ కాకుండా లేచి రావడం మీ బుర్రకి పెద్ద పాఠం.

రెండు, ఫోన్ చేసినప్పుడే "నాకు డెంటిస్ట్ అంటే భయం అండి" అని చెప్పేయండి. ఇది వినని డెంటిస్ట్ ఉండరు. విని నవ్వేస్తే, ఇంకో క్లినిక్ వెతుక్కోండి. మొహమాటం వద్దు.

మూడు, స్టాప్ సిగ్నల్ మాట్లాడుకోండి. "నేను ఎడమ చెయ్యి ఎత్తితే ఆపుతారా?" అని మొదలుపెట్టక ముందే అడగండి. నన్ను అడిగితే అన్నిటికంటే పని చేసింది ఇదే. ఆపించగలనని తెలిస్తే ఆపించాల్సిన అవసరమే చాలాసార్లు రాదు.

నాలుగు, పొద్దున్న స్లాట్ తీసుకోండి. రోజంతా ఆలోచిస్తూ కూర్చోవద్దు. మామూలు మత్తు ఇంజెక్షన్ అయితే ఖాళీ కడుపుతో వెళ్ళకండి, టిఫిన్ తినే వెళ్ళండి.

ఐదు, ఊపిరి. నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. వదలడం ఎక్కువసేపు ఉండాలి. సూది చూస్తే కళ్ళు తిరిగే టైప్ అయితే కాళ్ళు, చేతుల కండరాలు పది పదిహేను సెకన్లు బిగించి వదలండి, నాలుగైదు సార్లు చేయండి. పడిపోతున్న బీపీని అది పైకి తెస్తుంది.

ఆరు, వేసుకునే మందులు, అలర్జీలు, గుండె సమస్య, షుగర్, ప్రెగ్నెన్సీ ఏది ఉన్నా దాచకుండా చెప్పండి. ట్రీట్‌మెంట్ అయ్యాక మత్తు దిగేదాకా వేడి టీ వద్దు, బుగ్గ కొరుక్కోవద్దు.

ఇవన్నీ చేసినా కుర్చీ దాకా వెళ్ళలేకపోతుంటే అది మీ తప్పు కాదు. కొన్ని చోట్ల భయం తగ్గించే మందు గానీ, లాఫింగ్ గ్యాస్ గానీ ఇస్తారు. సైకాలజిస్ట్ దగ్గర మెల్లమెల్లగా భయం తగ్గించే పద్ధతులూ ఉన్నాయి.

మూడు అపోహలు, చకచకా

"పై పన్ను పీకితే చూపు పోతుంది." పోదు. చూపుకి ఉన్న నరం వేరు, పంటికి ఉన్న నరం వేరు.

"క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి." గట్టిపడిన గార తీసేశాక పళ్ళ మధ్య సందు కనిపిస్తుంది, కొన్నాళ్ళు జివ్వుమంటుంది. చిగుళ్ళని, పంటి చుట్టూ ఎముకని పాడు చేసేది ఆ గార దగ్గర పేరుకునే పాచే.

"నొప్పి టాబ్లెట్ చిగురు మీద పెడితే తగ్గుతుంది." చిగురు కాలుతుంది. మింగాల్సింది మింగాలి, అదీ డాక్టర్‌ని అడిగి.

డబ్బుల సంగతి

భయంలో సగం బిల్లు భయమే, ఒప్పుకుందాం. నాకు రూట్ కెనాల్, క్యాప్ కలిపి దాదాపు పది వేలు అయ్యింది. మొదటి ఏడే వెళ్ళి ఉంటే ఒక ఫిల్లింగ్‌తో, అందులో చిన్న వంతుతో అయిపోయేది. చేతిలో డబ్బు లేకపోతే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి: హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో. ప్రైవేట్ డెంటల్ కాలేజీల్లో కూడా ఓపీ ఉంటుంది, క్లినిక్‌ల కంటే సాధారణంగా తక్కువే. స్టూడెంట్స్ చేస్తారు, సీనియర్లు చూస్తుంటారు. టైమ్ ఎక్కువ పడుతుంది, అంతే.

ఒక సీరియస్ మాట. వాపు కంటి వైపు గానీ మెడ వైపు గానీ పాకినా, జ్వరం ఉన్నా, నోరు తెరవలేకపోయినా, మింగడం గానీ ఊపిరి గానీ కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. పంటి ఇన్ఫెక్షన్ గొంతు దాకా పాకితే ప్రాణం మీదకి వస్తుంది. ఇక్కడ భయపడాల్సింది డెంటిస్ట్‌కి కాదు.

చివరగా, మా నాన్న

నా రూట్ కెనాల్ అయ్యాక నాన్న ఫోన్ చేశాడు. "ఏరా, నొప్పెట్టిందా?" అన్నాడు. నోటి చివరిదాకా "ఏం కాలేదు నాన్నా" అనే మాట వచ్చింది. ఆపుకున్నాను. "మొదటి రోజు కొంచెం పెట్టింది. రెండో రోజు అస్సలు లేదు. చెయ్యి ఎత్తితే ఆపుతారు" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నాకూ రెండు మూడు ఉన్నాయిలే" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. ఆయన కొన్నేళ్ళుగా చెక్కలు, జంతికలు ఎందుకు ముట్టుకోవట్లేదో. నా చేతులు పట్టుకున్న మనిషి, జీవితంలో ఒక్కసారి కూడా ఆ కుర్చీలో కూర్చోలేదు. నా భయానికి ముందే ఆయనకి ఆ భయం ఉంది.

రెండు నెలలకి హైదరాబాద్ వచ్చాడు, "ఊరికే చూపించుకుందాం" అని. రెండు పళ్ళు తీసేయాలి, మిగతావి నిలబెట్టొచ్చు అన్నారు మేడమ్. కుర్చీలో ఆయన రెండుసార్లు చెయ్యి ఎత్తాడు. మొదటిసారి నిజంగా ఇబ్బందై. రెండోసారి ఎందుకెత్తావ్ నాన్నా అని బయటికొచ్చాక అడిగితే, "నిజంగా ఆపుతుందో లేదో చూద్దామని" అన్నాడు. ఆపారు. మూడోసారి ఎత్తలేదు.

సో, మీకు హోమ్‌వర్క్ ఒక్కటే. ఈ వీడియో అయిపోగానే దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి ఒక్క ఫోన్ చేయండి. మూడు మాటలు చాలు: "నాకు భయం. ఈసారి చూడటమే. చెయ్యి ఎత్తితే ఆపాలి." ఆ ఫోన్ చేశాక మీ స్కోర్ ఎంతో కామెంట్‌లో పెట్టండి, చెకప్ అయ్యాక మళ్ళీ వచ్చి కొత్త స్కోర్ పెట్టండి. ఇంట్లో ఎవరైనా ఒక పక్కే నములుతుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. "ఏం కాదు" అని మాత్రం చెప్పకండి. "నేను కూడా వస్తా" అని చెప్పండి.

ఉంటానండీ. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.